లోతు పెరిగితే గాలే ముప్పు

స్కూబా డైవింగ్ గురించి వార్త వచ్చినప్పుడల్లా ‘ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగారు’ అనే మాట వింటుంటాం. ఇళ్లల్లోనూ అలాగే అనుకుంటాం. అది నిజం కాదు. సరదాగా డైవింగ్‌కు వెళ్లేవారి వీపు మీద ఉండే సిలిండర్లలో చాలావరకు ఉండేది మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే. అందులో 21 శాతం ఆక్సిజన్, మిగిలినదాదాపు అంతా నైట్రోజన్. ఆ గాలినే కంప్రెసర్‌తో వడగట్టి, కుదించి సిలిండర్‌లో నింపుతారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపుకుని దిగితే ఆరు మీటర్ల లోతు దాటగానే ప్రాణం మీదికి వస్తుంది.

ఇది కేవలం మాటల తేడా కాదు. ‘వీపు మీద ఆక్సిజన్ ఉంది కదా, ఎంత లోతుకు వెళ్తే ఏంటి?’ అనే ధీమా ఈ పొరపాటులోంచే పుడుతుంది. అసలు విషయం దీనికి పూర్తిగా భిన్నం. ఒడ్డున మనల్ని బతికించే గాలే ఒక లోతు దాటాక మత్తుమందులా, ఇంకా లోతుకు వెళ్తే విషంలా పనిచేస్తుంది. పైకి వచ్చాక రక్తంలో బుడగలై కాళ్లు పడిపోయేలా కూడా చేయగలదు.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, గోవా, పుదుచ్చేరి, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, మన విశాఖ రుషికొండ... ఇలా మధ్యతరగతి కుటుంబాల సెలవుల జాబితాలోకి డైవింగ్ వచ్చేసింది. శిక్షకుడు పక్కనే ఉండి, చేయి పట్టుకుని ఐదు నుంచి పన్నెండు మీటర్ల లోపు చూపించి తెచ్చే తొలి డైవ్ గురించి హడలిపోవాల్సిన పనిలేదు. నియమాలు పాటిస్తే అది చాలావరకు సురక్షితమే. సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. ఒకసారి రుచి మరిగాక కోర్సులు చేసి, ‘30 మీటర్లు చూశా, 40 చూశా, ఈసారి 50’ అని స్నేహితులతో పందేలు వేసుకునే పిల్లలు మన ఇళ్లల్లోనూ ఉన్నారు. హైదరాబాద్, బెంగళూరుల్లోనే కాదు, గల్ఫ్‌లో, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నవారిలోనూ ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం.

నీటి బరువు లెక్క

భూమి మీద గాలి మనల్ని ఒక అట్మాస్ఫియర్ పీడనంతో నొక్కుతుంటుంది. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ మరో అట్మాస్ఫియర్ కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర రెండు, 30 దగ్గర నాలుగు, 40 దగ్గర ఐదు, 60 దగ్గర ఏడు. ఆ నీటి ఒత్తిడికి ఛాతీ నలిగిపోకుండా, నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ సరిగ్గా అంతే పీడనంతో గాలిని అందిస్తుంది. అంటే 30 మీటర్ల దగ్గర పీల్చే ప్రతి శ్వాసలోనూ ఒడ్డున పీల్చేదానికి నాలుగు రెట్ల గాలి ఉంటుంది. నాలుగు రెట్ల నైట్రోజన్, నాలుగు రెట్ల ఆక్సిజన్. మిగతా ప్రమాదాలన్నీ ఈ ఒక్క లెక్కలోంచే వస్తాయి.

మొదటి దెబ్బ సిలిండర్ మీదే. సాధారణ సిలిండర్‌లో దాదాపు 2,200 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది గంటా యాభై నిమిషాలు వస్తుంది. 30 మీటర్ల దగ్గర 27 నిమిషాలే వస్తుంది. 60 మీటర్ల దగ్గర పదహారు నిమిషాలు దాటదు. కంగారుపడి వేగంగా ఊపిరి తీస్తే అందులో సగం కూడా రాదు. పైకి రావడానికి, ఆపదలో తోటివారికి ఇవ్వడానికి కొంత మిగుల్చుకోవాలి కూడా. అంత లోతులో ఒక్క సిలిండర్‌తో ఉన్న మనిషికి తప్పు దిద్దుకునే వ్యవధే ఉండదు.

తాగకుండానే మత్తు

మామూలుగా నైట్రోజన్ మన ఒంటికి మంచీ చేయదు, చెడూ చేయదు. పీడనం పెరిగినప్పుడు మాత్రం అది నరాల కణాల మీద మత్తుమందులా పనిచేస్తుంది. దీన్నే నైట్రోజన్ నార్కోసిస్ అంటారు. 30 మీటర్ల దగ్గర చాలామందిలో దీని ఛాయలు కనిపిస్తాయి. 40 దాటితే లెక్కలు తప్పుతాయి, నిర్ణయాలు ఆలస్యమవుతాయి. 60 దగ్గర గేజ్ వంక చూసినా అందులోని అంకె అర్థంకాని స్థితి రావచ్చు. కొందరికి పట్టరాని ఆనందం, కొందరికి కారణంలేని భయం కలుగుతాయి. కొందరు ఒకే పని మీద చూపు నిలిపి మిగతాదంతా మర్చిపోతారు.

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, మత్తులో ఉన్నవారికి తాము మత్తులో ఉన్నామని తెలియదు. తాగి బండి నడిపేవాడు ‘నేను బాగానే ఉన్నా’ అన్నట్టే ఇదీ. ‘నాకు అలవాటైపోయింది’ అనే అనుభవజ్ఞులూ ఉంటారు. మళ్లీ మళ్లీ లోతుకు వెళ్తే మత్తుగా ఉన్నట్టు అనిపించడం తగ్గవచ్చు. కానీ పరీక్షలు పెట్టి చూస్తే పనితీరు మాత్రం ఆ మేరకు మెరుగుపడదు. అలవాటయ్యేది ధైర్యం మాత్రమే, మెదడు కాదు.

1947లో ఫ్రాన్స్ తీరంలో జాక్ కూస్తో బృందానికి చెందిన మోరిస్ ఫార్గ్ గాలి సిలిండర్‌తో ఎంత లోతుకు వెళ్లగలమో చూద్దామని దిగారు. ఆయన నౌకాదళ డైవర్, అప్పట్లో ఆ విద్యలో ఆరితేరినవారిలో ఒకరు. తాడు పొడవునా కట్టిన పలకల మీద సంతకం చేస్తూ వెళ్లారు. 120 మీటర్ల దగ్గరి పలక మీద ఆయన సంతకం ఉంది. ఆయన మాత్రం ప్రాణాలతో పైకి రాలేదు.

అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1939లో అమెరికా జలాంతర్గామి స్క్వాలస్ సుమారు 73 మీటర్ల లోతున మునిగిపోయింది. దాన్ని వెలికితీసే పనిలో గాలి పీలుస్తూ దిగిన డైవర్లు అడుగున ఏం చేస్తున్నారో వారికే తెలియని స్థితికి వచ్చారు. అప్పుడు నైట్రోజన్ స్థానంలో హీలియం కలిపిన వాయువుతో దిగి పని పూర్తిచేశారు. అంటే లోతులో గాలి పనికిరాదన్న సంగతి ఎనభై ఏళ్లకు పైగా తెలిసిందే. నేడు లోతైన డైవింగ్‌ను పద్ధతిగా చేసేవారు హీలియం కలిపిన ట్రైమిక్స్ వాడతారు. దాని ఖర్చు ఎక్కువ, శిక్షణా ఎక్కువే. ఆ రెండూ లేకుండా మామూలు గాలితోనే వెళ్లొచ్చామని చెప్పుకోవడం గొప్ప కాదు.

ఊపిరి బరువెక్కుతుంది, ఆక్సిజన్ ఎదురుతిరుగుతుంది

పీడనంతో పాటు గాలి చిక్కబడుతుంది. ఒడ్డున లీటరు గాలి సుమారు 1.2 గ్రాములుంటే 40 మీటర్ల దగ్గర ఆరు గ్రాములు దాటుతుంది. అంత చిక్కటి గాలిని లోపలికి లాగి బయటికి వదలడమే ఒక పని. ప్రవాహానికి ఎదురీదుతూనో, బరువు లాగుతూనో ఉంటే ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా బయటకు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే తలనొప్పి, ఆయాసం, కంగారు మొదలవుతాయి. నైట్రోజన్ మత్తు రెట్టింపవుతుంది. చివరికి స్పృహ తప్పుతుంది. సిలిండర్‌లో గాలి ఉండగానే డైవర్ ప్రాణం పోవడానికి ఇదొక దారి.

మరో దారి ఆక్సిజన్. ఆసుపత్రిలో ప్రాణం నిలిపే ఆక్సిజన్ ప్రాణం తీయడమేంటని ఆశ్చర్యం కలగొచ్చు. అధిక పీడనంలో ఆక్సిజన్ ఫిట్స్ తెప్పిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లోనే చూపించారు. డైవర్లు ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.4 అట్మాస్ఫియర్లు దాటకుండా చూసుకుంటారు. 1.6ను దాటకూడని గీతగా భావిస్తారు. మామూలు గాలితో 57 మీటర్ల దగ్గర మొదటి గీత, 66 మీటర్ల దగ్గర రెండోది వస్తాయి. ఒడ్డున ఫిట్స్ వస్తే పక్కకు పడుకోబెట్టి కాపాడుకోవచ్చు. నీళ్లలో వస్తే నోట్లోని రెగ్యులేటర్ జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు. చాలాసార్లు ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. ‘నైట్రాక్స్’ అనే వాయువులో ఆక్సిజన్ పాలు 32 శాతమో, 36 శాతమో ఉంటుంది. దాంతో ఇంకా లోతుకు వెళ్లొచ్చని కొందరు అనుకుంటారు. నిజానికి 32 శాతం నైట్రాక్స్‌తో 34 మీటర్లు కూడా దాటకూడదు. అది తక్కువ లోతులో ఎక్కువసేపు ఉండటానికే తప్ప లోతు పెంచుకోవడానికి కాదు.

పైకి వచ్చాక అసలు కథ

లోతులో పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, వెన్నుపాములో కరిగి ఉంటుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది. వేగంగా వస్తే గోలీసోడా గోలీ నొక్కినప్పటిలా బుడగలు పొంగుతాయి. కీళ్లలో చేరితే విపరీతమైన నొప్పి, చర్మంలో చేరితే దురద, మచ్చలు. వెన్నుపాములో చేరితే కాళ్లలో తిమ్మిర్లు, బలహీనత, మూత్రం ఆగిపోవడం. లోపలి చెవిలో చేరితే లోకమంతా గిర్రున తిరుగుతున్నట్టు ఉండటం. ఇదే డీకంప్రెషన్ సిక్‌నెస్.

ఈ జబ్బు స్కూబా డైవింగ్ కంటే ముందే పుట్టింది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం కుదించిన గాలి నింపిన పెట్టెల్లో కూలీలు నది అడుగున పనిచేసేవారు. పైకి వచ్చాక నొప్పులతో మెలికలు తిరిగిపోయేవారు. కొందరు చనిపోయారు. ప్రధాన ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఈ జబ్బుతోనే మంచాన పడ్డారు. భార్య ఎమిలీ ఆయనకూ పనివారికీ మధ్య నిలిచి 1883లో వంతెన పూర్తయ్యేదాకా పనులు నడిపించారు. 1908లో బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, మజిలీలు చేసుకుంటూ అంచెలంచెలుగా పైకి వస్తే ముప్పు తగ్గుతుందని తేల్చారు. నేటి డైవింగ్ పట్టికలకు, కంప్యూటర్లకు మూలం అదే.

ఆ పట్టికలు లోతు విషయంలో చాలా కఠినంగా ఉంటాయి. మధ్యలో ఆగకుండా నేరుగా పైకి వచ్చే వీలు ఉండాలంటే 18 మీటర్ల దగ్గర దాదాపు 55 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర సుమారు 20 నిమిషాలు ఉండొచ్చు. 40 మీటర్ల దగ్గర పది నిమిషాలకు అటూ ఇటుగా మాత్రమే. ఆ సమయం దాటితే పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగాలి. ఆగడానికి గాలి మిగిలి ఉండాలి. లోతులో గాలి వేగంగా అయిపోతుంది, మత్తులో సమయం తెలియదు. ఈ మూడూ ఒకేసారి మీద పడతాయి. లోతు ప్రమాదం అంటే ఇదీ.

నమ్మకం కలగకపోతే హోండురాస్ మిస్కీటో తీరాన్ని చూడాలి. అక్కడి గిరిజన యువకులు ఎండ్రకాయల్లాంటి లాబ్‌స్టర్ల కోసం సరైన శిక్షణ, సామగ్రి లేకుండా మామూలు గాలి సిలిండర్లతో రోజుకు ఎన్నోసార్లు లోతుకు దిగేవారు. వందలమంది నడుం కింద చచ్చుబడి చక్రాల కుర్చీలకు పరిమితమయ్యారు. 2021లో అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల న్యాయస్థానం ఈ వ్యవహారంలో హోండురాస్ ప్రభుత్వాన్ని బాధ్యురాలిగా తేల్చింది. వాళ్లు పొట్టకూటి కోసం దిగారు, దిగక తప్పలేదు. మనం సరదా కోసం దిగుతున్నాం. ఆగాల్సిన చోట ఆగే వీలు మన చేతుల్లోనే ఉంది.

తిరుగు ప్రయాణం విమానంలో అయితే

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇది. విమానం ఎగిరాక లోపలి గాలి పీడనం ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత స్థాయికి తగ్గవచ్చు. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అప్పుడు బుడగలుగా మారే ప్రమాదం ఉంది. అందుకే ఒకే ఒక్క మామూలు డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైకి వచ్చేటప్పుడు మజిలీలు అవసరమైనంత లోతైన డైవ్ చేస్తే ఒక రోజుకు పైగా ఆగడం మంచిది. పొద్దున డైవ్, మధ్యాహ్నం అండమాన్ నుంచి విమానం అని ప్యాకేజీలో ఉంటే వెంటనే మార్పించండి. డైవింగ్ యాత్ర మొదట్లో పెట్టుకోండి, చివరి రోజు కాదు. రుషికొండలో డైవ్ చేసి అదేరోజు ఘాట్ రోడ్డెక్కి అరకు వెళ్లాలనుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. ఎత్తు పెరిగితే పీడనం తగ్గుతుంది, అది విమానమైనా కొండైనా.

ఈ లక్షణాలుంటే...

డీకంప్రెషన్ సిక్‌నెస్ లక్షణాలు ఎక్కువమందిలో మొదటి ఆరు గంటల్లోనే బయటపడతాయి. ఒక రోజు వరకూ కనిపెట్టుకుని ఉండాలి. భుజం, మోచేయి నొప్పిని ‘సిలిండర్ మోసినందుకు’ అని, నీరసాన్ని ‘ప్రయాణ బడలిక’ అని, కడుపు చుట్టూ పట్టేసినట్టుంటే ‘గ్యాస్’ అని సరిపెట్టుకుంటారు. బామ్ రాసుకుని, నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటారు. డైవింగ్ చేసిన తర్వాతి రోజు వరకూ కొత్తగా ఏ ఇబ్బంది కనిపించినా ముందు డైవింగ్‌నే అనుమానించాలి.

• వెంటనే వెల్లకిలా పడుకోబెట్టాలి. మాస్క్‌తో వీలైనంత ఎక్కువ శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. ఇక్కడ ఆక్సిజన్ నిజంగా మందే.

• స్పృహలో ఉండి, వాంతులు లేకుంటే నీళ్లు తాగించాలి. మద్యం వద్దు.

• మళ్లీ నీళ్లలోకి దించి ‘సరిచేసే’ ప్రయత్నం చేయొద్దు.

• ఆక్సిజన్‌తో తగ్గినట్టు అనిపించినా వైద్యం మానొద్దు. విమానంలో ఇంటికి తీసుకురావాలని చూడొద్దు.

• మన రాష్ట్రాల్లో 108కి, దేశంలో ఎక్కడైనా 112కి ఫోన్ చేసి ‘డైవింగ్ చేశారు’ అన్న మాట ముందుగా చెప్పండి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది రాసివ్వండి. డైవ్ కంప్యూటర్ ఉంటే వెంట తీసుకెళ్లండి.

అసలు వైద్యం హైపర్‌బారిక్ ఛాంబర్‌లో జరుగుతుంది. మనిషిని మళ్లీ 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో ఉంచి, ఆక్సిజన్ ఇస్తూ దాదాపు ఐదు గంటల పాటు క్రమంగా తగ్గిస్తారు. మన దేశంలో దీంట్లో ఎక్కువ అనుభవం నౌకాదళ వైద్యులది. ముంబయిలోని ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్విని ఇందుకు పేరున్న ఆసుపత్రి. అందం కోసం, అలసట తీరడం కోసం అంటూ నగరాల్లో వెలసిన గాలి సంచుల్లాంటి ఛాంబర్లు ఈ జబ్బుకు పనికిరావు.

దిగేముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

కొత్తగా కోర్సు పూర్తిచేసినవారికి హద్దు 18 మీటర్లు. అదనపు శిక్షణ ఉంటే 30. సరదా డైవింగ్‌కు ప్రపంచమంతటా చెప్పే చివరి గీత 40. మాల్దీవుల్లో సరదా డైవర్లు 30 మీటర్లు దాటకూడదని నిబంధనే ఉంది. మత్తు మొదలయ్యాక నిర్ణయం తీసుకోలేం కాబట్టి ఆ రోజు లోతెంతో ఒడ్డునే తేల్చుకోవాలి. అడుగున ఏం కనిపించినా, ఎవరు సైగ చేసినా అది మారకూడదు. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించొద్దు. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.

ఎంత తక్కువ లోతైనా మరవకూడని సూత్రం ఒకటుంది. సిలిండర్ గాలి పీలుస్తూ ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు. పది మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది. బయటకు దారి లేకపోతే ఊపిరితిత్తి చిట్లి గాలి నేరుగా రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడుకు చేరుతుంది. ఈ ప్రమాదం ఈతకొలను లోతులోనూ జరగవచ్చు.

ఫిట్స్ ఉన్నవారు, గతంలో ఊపిరితిత్తి చిట్లినవారు, గర్భిణులు డైవింగ్ జోలికి వెళ్లొద్దు. ఆస్తమా, గుండె జబ్బు, మధుమేహం, ఇటీవలి ఆపరేషన్, చెవి సమస్యలున్నవారు డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు. జలుబు చేస్తే ఆ రోజుకు మానేయాలి. ఆరోగ్య ప్రశ్నపత్రంలో ‘లేదు, లేదు’ అని టిక్కులు కొట్టి సంతకం పెట్టే అలవాటు ప్రమాదకరం. ఆ కాగితం నిర్వాహకుడిని కాపాడుతుందేమో గానీ మిమ్మల్ని కాపాడదు. పడవెక్కే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎంత లోతుకు తీసుకెళ్తారు? పడవలో ఆక్సిజన్ ఉందా? ఏదైనా జరిగితే ఏ ఛాంబర్‌కు తీసుకెళ్తారు? జవాబు తడబడితే డబ్బు పోయినా సరే, వెనక్కి వచ్చేయండి.

బాధ్యత ఒక్క పర్యాటకులదే కాదు. ఆరోగ్య ప్రశ్నపత్రం పడవలో కాదు, బుకింగ్ రోజునే, చదవగలిగే భాషలో ఇవ్వాలి. గరిష్ఠ లోతును రసీదు మీదే ముద్రించాలి. ఆక్సిజన్ లేని పడవకు అనుమతి ఇవ్వకూడదు. పర్యాటక శాఖకు ఇవేవీ భారం కావు. ఇక మా వంతు. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాల్టీకి కాళ్ల తిమ్మిరితోనో, కళ్లు తిరుగుతున్నాయనో ఒక యువకుడు వస్తే ‘ఈ రెండు రోజుల్లో సముద్రంలో డైవింగ్ చేశావా?’ అని అడగడం వైద్యులందరికీ అలవాటు కావాలి. సముద్రం లేని తెలంగాణలోనూ అడగాలి. అండమాన్ విమానం దిగేది హైదరాబాద్‌లోనే. దగ్గరలోని ఛాంబర్ వివరాలు ప్రతి జిల్లా ఆసుపత్రి గోడ మీద ఉండాలి. ఈ జబ్బులో ఆలస్యమయ్యే ప్రతి గంటా తర్వాతి నడకను నిర్ణయించవచ్చు.

సముద్రం అందాల్లో ఎక్కువ భాగం మొదటి ఇరవై మీటర్లలోనే ఉంది. వెలుగు, రంగులు, పగడాలు, చేపల గుంపులు అక్కడే ఎక్కువ. అంతకన్నా కిందికి వెళ్లేకొద్దీ రంగులు వెలిసిపోతాయి, చీకటి పెరుగుతుంది, ఊపిరి బరువెక్కుతుంది. పిల్లలు డైవింగ్‌కు వెళ్తామంటే వద్దని గొడవపడకండి. ‘ఎన్ని మీటర్లు?’ అని అడగండి. జవాబు స్పష్టంగా వస్తేనే సరేననండి.